ఆపా రుచి చూడని షర్బతు

శంషాబాద్ నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలో ఒక ఆర్గానిక్ దుకాణం ఉంది. అందులో గాజు తలుపుల ఫ్రిజ్ ముందు నిలబడితే ప్రతి సీసా కింద ఒక చిన్న అట్ట కనిపిస్తుంది. దాని మీద తెలుగులో రెండు మూడు వాక్యాలు రాసి ఉంటాయి. ఆ రాతలు నావి.

"బీట్‌రూట్ రసం. పొద్దున తాగండి. సాయంత్రం తాగితే నాలుక మీద మట్టి మిగులుతుంది" అని ఒకచోట ఉంటుంది. "పాలకూర స్మూతీ. ఒంటికి మంచిది. ముక్కు మూసుకుంటే నోటికీ మంచిదే" అని ఇంకోచోట. పులియబెట్టిన టీ కింద మాత్రం "ఇది చెడిపోలేదు, దీని వాసనే ఇంత" అని రాశాను. అది రాయకముందు కొన్నవాళ్లు సీసా వెనక్కి తెచ్చి యజమానితో గొడవ పడేవారు. ఇప్పుడు విమానాల్లో పనిచేసే అమ్మాయిలు పెట్టెలు లాక్కుంటూ వచ్చి, ముందు అట్ట చదివి నవ్వుకుని, తర్వాత సీసా తీసుకుంటారు.

యజమానిది గోదావరి వైపు. చిన్నా పెద్దా అందరినీ మీరు అంటాడు. ఒకరోజు నేను రాగిపిండి కోసం వెళ్తే, వచ్చినవాళ్లందరికీ చిన్న కప్పుల్లో ఉసిరి రసం రుచి చూపిస్తున్నాడు. తాజా కాయలు పిండిన రసమని సీసా మీద అచ్చు వేసి ఉంది. నేను ఒక గుక్క తాగి, ఈ కాయలు ఉప్పునీళ్లలో ఊరినవి, తాజావి కావు అన్నాను. ఆయన నమ్మలేదు. తర్వాత ఆ రసం పంపినవాళ్లకు ఫోన్ చేసి గట్టిగా అడిగితే వాళ్లే ఒప్పుకున్నారట. అప్పటి నుంచి కొత్త సీసా ఏది వచ్చినా ముందు మా ఇంటికి వస్తుంది.

ఈ విద్య నాకు ఏ బడిలోనూ అబ్బలేదు. తొండుపల్లి పక్కన మాకు ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడు ఆ చోట విమానాలు ఆగుతాయి. తోట కోతకు వచ్చిందో లేదో చూడటానికి మా బాపు పందిరి కింద నడుస్తూ, గుత్తి పైభాగంలో ఉన్న పండును ముట్టుకునేవాడు కాదు. అడుగున, కొసకు వేలాడే పండును తెంపి నోట్లో వేసుకునేవాడు. గుత్తిలో పైపండ్లకు తీపి ముందు పడుతుంది, కొసపండుకు అన్నిటికన్నా ఆఖరున పడుతుంది. "పైవి ఎప్పుడైన తియ్యగనే ఉంటయి బిడ్డా. కొసది తిని చెప్పు" అని నా చేతిలోనూ ఒకటి పెట్టేవాడు. బేరానికి వచ్చిన వ్యాపారులు పైపండు తిని తల ఊపుతుంటే ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకునేవాడు, నవ్వు కనపడకుండా.

సీసాలకూ నేను అదే పద్ధతి పెట్టుకున్నాను. మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోను. ఫ్రిజ్‌లోంచి తీసిన ఏ రసమైనా మొదటి గుక్క బాగానే ఉంటుంది. సీసా మూత తీసి వంటింటి గట్టు మీద పెట్టి, కూరగాయలు తరుక్కుంటూ, బట్టలు ఆరేసుకుంటూ, మధ్య మధ్య వచ్చి తాగుతాను. చల్లదనం అంతా పోయాక అడుగున మిగిలిన గుక్క ఎలా ఉందో అదే రాస్తాను. ఇదంతా పొద్దున టీ తాగకముందే. సీసాకూ సీసాకూ మధ్య గుప్పెడు మరమరాలు నమిలి నీళ్లు పుక్కిలిస్తాను. మా ఆయన దీన్ని పని అని ఒప్పుకోడు, జ్యూసులు తాగటం అంటాడు. అననీ. నా నాలుక మీద నాకు నమ్మకం ఉంది, ఆయనకు తన స్కూటర్ మీద ఉన్న నమ్మకం కన్నా ఎక్కువ.

మా గల్లీలోనే, మసీదు వైపు మలుపులో ఆపా ఉంటుంది. నేను ఆమెను ఆపా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇంతవరకూ తేల్చుకోలేదు. తేలితే ఎవరో ఒకరు పిలుపు మార్చుకోవాలి, అది ఇద్దరికీ ఇష్టం లేదు. ఆమె భర్త ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆమె మా గల్లీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. నా ఒళ్లు ఎప్పుడు పెరిగిందో, ఎక్కడ పెరిగిందో నాకన్నా ముందు ఆమెకే తెలిసేది.

పోయిన రంజాన్‌లో ఆమె వాళ్లమ్మ చేసే చింతపండు షర్బతు చేసింది. చింతపండు నానబెట్టి పిసికి, అందులో ఖర్జూరాలు ఉడికించి మెదిపి, బెల్లం, వేయించిన జీలకర్ర పొడి, నల్లుప్పు వేస్తుంది. చుట్టాలకు నచ్చింది, ఇరుగుపొరుగుకు నచ్చింది. మసీదుకు పంపితే గంజు ఖాళీగా తిరిగి వచ్చి, రేపు కూడా పంపమని కబురొచ్చింది. సీసాల్లో పోసి అమ్మరాదా అని అందరూ అనేసరికి ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. ఈ ఏడు రంజాన్ రాకముందే కుట్టుమిషన్ అమ్మేసింది. ఆ డబ్బుతో గాజు సీసాలు, పెద్ద గంజు కొన్నది. పురుగుమందు లేని చింతపండు, బెల్లం ఎక్కడ దొరుకుతాయో వెతికి షాద్‌నగర్ దాకా వెళ్లి తెచ్చుకుంది. ఇక మిగిలింది ఒక్కటే, ఆ దుకాణం ఫ్రిజ్‌లో చోటు.

అక్కడే చిక్కు. యజమాని ఏ సీసానైనా ఒక్కసారే రుచి చూస్తాడు. వద్దన్నాక మళ్లీ చూడడు. ఒకసారి ఒప్పుకుంటే, సరిచేసి తెచ్చామంటూ పదిమంది రోజూ గుమ్మంలో నిలబడతారని ఆయన భయం. ఎంత మంచివాళ్లు అడిగినా ఆ మాట మీదే ఉండటం నేను చూశాను. ఆపా కోసం నేను అడిగితే, పండగ లోపల ఒకరోజు చూద్దామండి అన్నాడు.

రంజాన్ మొదలైంది. ఒక పొద్దున ఆపా సీసా తెచ్చి నా గట్టు మీద పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది. మొదటి గుక్క అద్భుతంగా ఉంది. అది ఎలాగూ నా లెక్కలో లేదు. బెండకాయలు తరిగి వచ్చి తాగాను, పరవాలేదు. పప్పు దించి వచ్చి అడుగు గుక్క తాగాను. బెల్లం వచ్చి గొంతులో కూర్చుంది, ఎంతకీ లేవలేదు. పులుపు ఎక్కడికి పోయిందో తెలియలేదు. రెండు గ్లాసుల నీళ్లు తాగితే గానీ నోరు నోరులా కాలేదు.

బాగుంది అని ఒక అబద్ధం ఆడితే ఆ పూట గడిచిపోయేది. అట్ట మీద తెలియనివాళ్ల సీసాల గురించి ఉన్నదున్నట్టు రాసి, కుట్టుమిషన్ అమ్ముకున్న మనిషి దగ్గర మాట మింగటం నా వల్ల కాదు. మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి చెప్పేశాను. ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. అందరూ మెచ్చుకున్నారు కదా అంది. ఎవరెవరు తాగారు, ఎప్పుడు తాగారు అని అడిగాను. ఆమె చెబుతూ ఉంటే నాకు విషయం అర్థమైంది. ఆ షర్బతు తాగిన ప్రతి మనిషీ ఇఫ్తార్ వేళే తాగాడు. పొద్దుటి నుంచి చుక్క నీళ్లు లేని నోటితో, ఖర్జూరం కొరికిన వెంటనే, ఒకే ఒక్క గ్లాసు. ఆ వెంటనే నమాజుకు లేచి వెళ్లిపోయారు. ఇడ్లీలు తిన్న కడుపుతో పదకొండు గంటలకు ఎవరూ ఎప్పుడూ తాగలేదు. దుకాణానికి వచ్చేది అలాంటివాళ్లే.

"మెచ్చుకున్నది వాళ్ల దూప ఆపా, నాలుక గాదు" అన్నాను.

మెచ్చుకున్నది దాహమేనన్న మాటకు ఆమెకు కోపం వచ్చింది. చాట పక్కన పెట్టింది. "ఒక్కనాడు రోజా ఉండి తాగి చూడక్కా. గప్పుడు చెప్పు" అంది.

సరే అన్నాను. శనివారాలు ఒక్కపొద్దు ఉండేదాన్ని, ఇదొక లెక్కా అనుకున్నాను. మా ఒక్కపొద్దులో టీలు ఉంటాయి, పండ్లు ఉంటాయి, నీళ్లకు అడ్డే లేదు. ఆ తేడా నాకు మర్నాడు మధ్యాహ్నానికి తెలిసింది. పంపు విప్పితే ఆ చప్పుడే వినాలనిపించింది. దుకాణం నుంచి వచ్చిన దానిమ్మ రసం సీసా బయట చెమటలు పట్టి నా ఎదురుగా నిలబడితే దాన్ని తీసి బీరువాలో పెట్టాను. మా ఆయన నా ముందే మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, ఎలా ఉంది ఉద్యోగం అని అడిగాడు. జవాబు చెప్పటానికి కూడా నోట్లో తడి లేదు.

సాయంత్రం ఆపా ఇంట్లో నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ అందరితో పాటు కూర్చున్నాను. మసీదు నుంచి అజా వినపడింది. ఖర్జూరం నోట్లో వేసుకుని, షర్బతు గ్లాసు ఎత్తాను. నేను రుచి చూసిన సీసాలు అన్నీ ఇన్నీ కావు, కానీ అంత గొప్పది నా నోట్లోకి ఎప్పుడూ పోలేదు. దించకుండా తాగాను. అడుగు గుక్క కూడా అంతే బాగుంది. బాపు నేర్పిన లెక్క ఆ ఒక్క గ్లాసులో తప్పింది, ఆ మాట అక్కడే అందరి ముందూ చెప్పాను. ఆపా పకోడీల పళ్లెం నా వైపు జరిపిన తీరులో గెలుపు కనిపించింది.

నేను అంతటితో ఊరుకునే మనిషిని కాను. నమాజు అయ్యి, అందరం కడుపు నిండా తిన్నాక, ఇద్దరికీ ఇంకో గ్లాసు పొయ్యమన్నాను. పోసింది. నేను తాగలేదు, ఆమెనే చూస్తూ కూర్చున్నాను. ఆమె సగం తాగి గ్లాసు కింద పెట్టింది. మళ్లీ ఎత్తి ఒక గుక్క తాగి, మళ్లీ పెట్టింది. బెల్లం మస్తు పడ్డదక్కా అని తనే అంది. ఆ మాటలో కోపం లేదు, భయం ఉంది. మన ఇద్దరిదీ తప్పు కాదు, ఒక్కో వేళకు ఒక్కో నాలుక అని సర్దిచెప్పాను. రోజూ ఇఫ్తార్ అయ్యాక కొంచెం కొంచెం రుచి చూసుకుంటూ నెమ్మదిగా సరిచేద్దామని అనుకున్నాం.

నెమ్మదికి వీలు కుదరలేదు. మర్నాడు పొద్దున్నే యజమాని ఫోన్ చేశాడు. ఎండాకాలం సీసాల వరస ఆ రోజే ఖాయం చేస్తున్నాడట, రాత్రికి ఊరికి వెళ్తున్నాడట. ఆ షర్బతేదో మధ్యాహ్నం మూడు గంటల లోపల తెస్తే చూస్తానండి, లేదంటే మళ్లీ వానాకాలమే అన్నాడు. చింతపండు షర్బతు వానాకాలంలో ఎవరు తాగుతారు?

ఆపాకు చెబితే ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. పాత సీసానే తీసుకెళదామా అంది. వద్దన్నాను, ఉన్న ఒక్క అవకాశాన్ని బెల్లం పాకం మీద పెట్టలేం. కొత్తది చేయాలి. చేస్తే రుచి చూడాలి. ఆమె రోజా ఉంది, ఇంట్లో అందరూ రోజా ఉన్నారు. నాలుక కొసకు తాకించి ఉమ్మేయవచ్చని కొందరు అంటారట. వాళ్లమ్మ ఎన్నడూ అలా చేయలేదు, తనూ చేయనంది. లేచి, కొంగు నడుముకు దోపుకుంది.

"నువ్వు తాగు, నువ్వు చెప్పు. నేను చేస్త" అంది.

చిన్న గిన్నెలో మొదలుపెట్టాం. బెల్లం తగ్గించి చేసిన మొదటి గిన్నెలోంచి నాకు చెంచాడు ఇచ్చింది. రోజా ఉన్న మనిషి ఎదురుగా తాగటానికి మనసొప్పక గోడ వైపు తిరిగాను.

"ఇటు తిరిగి తాగక్కా. నీ మొఖం నాకు కనపడాలె."

తిరిగి, ఆమెను చూస్తూ తాగాను. తేలికగా ఉంది, కానీ ఏదో లోపించింది అన్నాను. ఏంది లోపించింది, ఎంత లోపించింది అంటూ ఆమె గరిటె పట్టుకుని నా నోటి వంకే చూస్తోంది. ఇన్నాళ్లూ నేను రాసిందంతా సీసా కొని తాగబోయే వాళ్లకు. నా మాట సగం సగంగా ఉన్నా మిగతా సగం వాళ్ల నాలుక పూరించుకునేది. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషికి నా మాట తప్ప ఇంకేమీ లేదు. హాయిగా ఉంది, లేతగా ఉంది, నిండుగా ఉంది అని అట్టల మీద నేను దర్జాగా రాసిన మాటలు ఒక్కటీ ఆ వంటింట్లో పనికిరాలేదు. రెండో గిన్నె చేసింది. నేను ఇంకో రకంగా చెప్పాను. ఆమెకు అందలేదు. గడియారం ఇద్దరం చూశాం.

మూడోసారి తాగి, కళ్లు మూసుకుని, ఇంకేం తోచక ఆమెకు తెలిసిన జాకెట్ల భాషలోకి దిగాను.

"మెడ కాడ మంచిగ కూసున్నది ఆపా. నడుము కాడ వదులైంది" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. అంటే పులుపు ముందు బాగానే తగిలి, మధ్యలో బలం పోతోందన్న మాట. మొదటి గిన్నెలోనే బెల్లంతో పాటు ఖర్జూరం కూడా తగ్గించింది, అందుకే ఆ చిక్కదనం పోయింది. గుప్పెడు ఖర్జూరాలు వేసి మళ్లీ ఉడికించి మెదిపింది. ఈసారి తాగి, నడుము సరిపోయింది, అంచు దగ్గర దారాలు తేలినట్టుంది అన్నాను. జీలకర్ర పొడి మెత్తగా లేదని ఆమెకు వెంటనే తెలిసింది. పొడిని పలుచటి బట్టలో జల్లించింది. ఆ తర్వాత ఇద్దరికీ తడబాటు లేదు. వేడి వేడి షర్బతుకు తప్పు దాచుకోవటానికి చల్లదనం లేదు కాబట్టి నాకూ పని సులువైంది. ఆఖరి గిన్నె అడుగు దాకా తాగి, చెంచా కింద పెట్టి, ఇంక ముట్టుకోవద్దు, ఇదే అన్నాను.

నిజంగానా, తన మొహం చూసి చెప్తున్నానా అని అడిగింది. మొన్న నీ మొహం చూసే బాగాలేదని చెప్పాను కదా అన్నాను. ఆ మాట ఆమెకు చాలింది. సీసాల్లో నింపి, ఐసు నీళ్ల టబ్బులో చల్లార్చి, ఆటో ఎక్కాం. సీసాలు ఒడిలో పెట్టుకుని దారంతా ఆమె పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటూనే ఉంది.

యజమాని అప్పుడే భోజనం ముగించాడు. ఏసీ గది, నిండిన కడుపు, ఇఫ్తార్‌కు పూర్తిగా వ్యతిరేకం. కప్పులో పోసుకుని వాసన చూస్తూ, "మీకు ఎలా అనిపించిందండి, బాగా కుదిరిందా?" అని ఆపాను అడిగాడు.

"నేను తాగలే సార్. రోజా ఉన్న. అక్క తాగింది."

ఆయన కప్పు ఆపి నా వైపు చూశాడు. చేసిన మనిషే రుచి చూడని సరుకు ఆయన ముందుకు ఎప్పుడూ వచ్చి ఉండదు. స్నేహం కొద్దీ చెప్పటం లేదు కదండి అని మెల్లగా అడిగాడు. నాకు చురుక్కుమంది. నా మాట మీద మీ ఫ్రిజ్ అంతా నడుస్తోంది, ఈ ఒక్క సీసాకే అనుమానమా అన్నాను. మొదటి గుక్కకే ఏమీ చెప్పొద్దని, కప్పు పక్కన పెట్టి బిల్లులు చూసుకోమని, అది చల్లదనం పోయాక అడుగు తాగమని చెప్పాను. నన్ను నమ్మినా నమ్మకపోయినా, నా పద్ధతి మీద ఆయనకు గౌరవం ఉంది. అలాగే చేశాడు. ఆపా పప్పుల బస్తాల పక్కన నిలబడి కళ్లు మూసుకుంది. ఆయన తిరిగి వచ్చి కప్పులో మిగిలింది తాగాడు. సీసాలోంచి ఇంకొంచెం పోసుకున్నాడు. తర్వాత పనివాళ్లను పిలిచి, ఫ్రిజ్‌లో నడిమి అర ఖాళీ చేయమన్నాడు. అట్ట రాసివ్వండి అని నా ముందు పెన్ను పెట్టాడు. ఇప్పుడు కాదు, చేసిన మనిషి ఇంకా తాగలేదు అన్నాను. ఖాళీ అట్ట సంచిలో వేసుకున్నాను.

ఆ సాయంత్రం మళ్లీ వాళ్ల దస్తర్‌ఖాన్ దగ్గరే కూర్చున్నాను. పొద్దుటి నుంచి కడుపు నిండా షర్బతే తాగి ఉన్నా, ఆ దుకాణంలో లేని బెంగ ఇక్కడ పట్టుకుంది. యజమాని నోటిని నేను గెలవగలను. ఈమె నోటి ముందు నా మాటలు నిలబడతాయో లేదో నాకు తెలియదు. అజా అయింది. ఆపా ఖర్జూరం కొరికి, గ్లాసు ఎత్తి, అందరిలా గటగటా తాగలేదు. మెల్లగా తాగి, అడుగున ఒక్క గుక్క ఉంచింది. దాని మీద సాసర్ మూసి నమాజుకు వెళ్లింది. వచ్చి, అందరికీ వడ్డించి, తను తిని, గిన్నెలు సర్ది, అప్పుడు సాసర్ తీసి ఆ గుక్క తాగింది. నోట్లోనే కొంతసేపు ఉంచుకుంది.

"నువ్వు చెప్పినట్లే ఉందక్కా" అంది.

నా అట్టలు బాగున్నాయని చాలామంది అన్నారు. నా మాటను పక్కన పెట్టుకుని, దానితో రుచిని సరిచూసి, రెండూ ఒకటేనని నాకెవరూ చెప్పలేదు. కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. సంచిలోంచి అట్ట తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఈసారి నువ్వు చెప్పు, నేను రాస్త అన్నాను. ఆమె ఖాళీ గ్లాసును వేళ్ల మధ్య తిప్పుతూ ఆలోచించింది.

"దూప లేనోళ్లు గూడ తాగొచ్చని రాయి" అంది.

అలాగే రాశాను. ఫ్రిజ్‌లో నడిమి అరలో, ఆ సీసా కింద ఇప్పటికీ అదే ఉంది.